పిల్లలకు చదువు చెప్పే ప్రయాణం: హైదరాబాద్ నుంచి భూదాన్ పోచంపల్లికి ఒక రోజు

ప్రయాణం వల్ల పిల్లలకు నిజంగా చదువు అబ్బాలంటే దూరం కన్నా తీరిక ముఖ్యం. ఒకే రోజులో నాలుగు ఊళ్లు చుట్టి వస్తే వాళ్లకు బస్సు కిటికీ తప్ప మరేమీ గుర్తుండదు. అందుచేత ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలున్న హైదరాబాద్ తల్లిదండ్రులు మొదట, సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న భూదాన్ పోచంపల్లిని ఎంచుకోవాలని నా సలహా.

ముందు రోజు రాత్రి ఇంట్లో ఉన్న పోచంపల్లి చీరనో, దుప్పటినో పరచి, దాని మీది నమూనాల అంచులు కాస్త చెదిరినట్టు ఎందుకున్నాయో పిల్లలను అడగండి. జవాబు మాత్రం చెప్పకండి. అచ్చు వేశారనో, కుట్టారనో వాళ్లు ఊహిస్తారు. ఆ ఊహలను నోటుపుస్తకంలో రాయించండి. నేత ఇళ్లలోనే సాగుతుంది కనుక పండుగ కాని రోజు చూసుకుని, గడప దగ్గరే అనుమతి అడిగి లోపలికి వెళ్లడం పిల్లల చేతనే చేయించాలి. ఆ మర్యాద కూడా చదువులో భాగమే.

అక్కడ మగ్గం కన్నా ముందు ఆసు పోయడం, అంటే రంగు వేయడానికి ముందు నూలును సిద్ధం చేసే పని, చూపించండి. అర్ధచంద్రాకారంలో అమర్చిన మేకుల చుట్టూ దారాన్ని ఒక్కొక్క పోగుగా తిప్పడానికి ఒక చీరకు చేయి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఐదు నిమిషాల్లో చేయి ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టించి, గంటకు ఎంతవుతుందో హెచ్చవేయించండి. తల్లి పడే ఈ శ్రమ చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రాన్ని తయారు చేశారని, 2017లో పద్మశ్రీ అందుకున్నారని ఆ లెక్క పూర్తయ్యాక చెబితే, యంత్రం ఎందుకు పుడుతుందో పిల్లలకు వేరే వివరించనక్కర్లేదు. తరువాత నూలుకు ముళ్లు కట్టి రంగులో ముంచే చోటికి తీసుకెళ్లండి. కట్టిన చోట రంగు అంటదు. నేతలో పోగులు వెంట్రుకవాసి జరగడం వల్లే అంచులు చెదురుతాయి. ఆ సంగతి వాళ్లంతట వాళ్లే పట్టుకునేదాకా ఓపిక పట్టండి.

సమయముంటే వినోబా మందిరం చూపించి, 1951 ఏప్రిల్ 18న వినోబా భావే కోరిక మీద వెదిరె రామచంద్రారెడ్డి పేదలకు 100 ఎకరాలు ఇవ్వడంతో, భూమి ఉన్నవారు లేనివారికి దానం చేసే భూదానోద్యమం ఇక్కడే మొదలైందని క్లుప్తంగా చెబితే చాలు.

తిరిగి వచ్చాక వ్యాసం రాయమని బలవంతపెట్టకండి. ఆసు ఎలా పోస్తారో నాయనమ్మకో, పక్కింటి స్నేహితుడికో చేతులతో చూపించమనండి. ఎక్కడ తడబడతారో అక్కడ అర్థం కానిది మిగిలిందన్నమాట. దానిని మళ్లీ వెళ్లినప్పుడు నేతకారులను అడగవలసిన ప్రశ్నగా రాయించి ఉంచండి.