పాత ఫెండర్ పెడల్ స్టీల్ వయసు తేల్చాలంటే సీరియల్ నంబరుతో పాటు పాట్ కోడ్ కూడా చూడండి

ఫెండర్ కంపెనీ 400, 1000 మోడళ్ల లాంటి పాత పెడల్ స్టీల్ గిటార్ల (బల్లలా పరిచి, కాలి పెడళ్లతో తీగల శ్రుతి మారుస్తూ వాయించేవి) మీద సీరియల్ నంబరు ఒక్కటే చూసి ఏడాది చెప్పేయకండి. ఆ నంబర్లు తయారీ వరుసలో కచ్చితంగా పడలేదు. వాల్యూమ్, టోన్ పాట్‌ల (నాబ్ కింద ఉండి, తిప్పితే శబ్దాన్ని మార్చే భాగాలు) వెనక ఉన్న కోడ్ ఇంతకంటే నమ్మదగినది.

ఉదాహరణకు 1376423 అని ఉంటే, 137 అంటే సి.టి.ఎస్ కంపెనీ, 64 అంటే 1964, 23 అంటే ఆ ఏడాది 23వ వారం. 304తో మొదలైతే స్టాక్‌పోల్. ఆరంకెలే ఉంటే ఏడాదికి ఒక్క అంకె మాత్రమే మిగులుతుంది: 304832లో 8 ఏ దశాబ్దానిదో మోడల్ చూసి తేల్చాలి. ఫెండర్ 1000 వచ్చిందే 1957లో కాబట్టి అక్కడ 1948 కుదరదు, అది 1958. చివరి రెండంకెలు 53 దాటితే మీరు తప్పు చదివినట్టే; టార్చి పక్కనుంచి వేసి, ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. ఇంకు ముద్ర అయితే స్పిరిట్ రాయకండి, చెరిగిపోతుంది.

ఈ తేదీ పాట్‌ది, గిటార్‌ది కాదు. గిటార్ అంతకంటే ముందుది కాదని మాత్రమే తెలుస్తుంది, అదీ సోల్డర్ ఎవరూ కదపకుండా, పాట్ మార్చకుండా ఉంటేనే. ఫెండర్ 1966లో పాట్‌లు భారీగా కొని పెట్టుకుంది. అందుకే 1966 కోడ్ ఉన్నవి తర్వాతి సంవత్సరాల వాయిద్యాల్లోనూ కనిపిస్తాయి. కాలితో నొక్కే విడి వాల్యూమ్ పెడల్‌లోని పాట్ మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు, అది పెడల్ వయసే చెబుతుంది.