వెల్డర్ ఆరు నెలలు మెడికల్ లీవు పెడితే: చిన్న షెడ్డులో వచ్చే చిక్కులు, వాటి విరుగుడు

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో పద్నాలుగు మందితో నడిచే ఫ్యాబ్రికేషన్ షెడ్డు అనుకోండి. సీనియర్ వెల్డర్‌కి టీబీ అని తేలింది, ఆరు నెలలు మందులు వాడాలన్నారు. ఆ తర్వాత ఓనర్‌కి పట్టుకునే టెన్షన్‌లో సగం కాగితాల దగ్గరే పుడుతుంది.

సమస్య: ఈఎస్ఐ డబ్బులు పడటం లేదు

ఈఎస్ఐ అంటే ఓనరూ ఉద్యోగీ నెలనెలా చందా కట్టే ప్రభుత్వ బీమా, జబ్బు చేసి పనికి రాలేని రోజులకు డబ్బు ఇస్తుంది. అది పడకపోతే ముందు మీ ఆఫీసులోనే వెతకండి. నెలవారీ చందా ఫైల్ చేసేటప్పుడు పని దినాలు సున్నా అని కొడితే ఈఎస్ఐ పోర్టల్ కారణం అడుగుతుంది. అక్కడ "ఆన్ లీవ్" ఎంచుకోవాలి. హడావుడిలో అకౌంట్స్ కుర్రాడు "లెఫ్ట్ సర్వీస్" నొక్కేశాడా, మందులు మింగుతూ ఇంట్లో ఉన్న మనిషి రికార్డుల్లో ఉద్యోగం మానేసినట్టే. అలా జరిగితే ఫోన్లతో కాలం గడపకుండా, లెటర్‌హెడ్ మీద రాసి, హాజరు రిజిస్టర్ కాపీ జతచేసి ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసులో ఇవ్వండి.

అది సరిగ్గానే ఉంటే చందా రోజులు లెక్కపెట్టండి. ఏప్రిల్-సెప్టెంబరు మధ్య కనీసం 78 రోజులకు చందా పడి ఉంటేనే వచ్చే జనవరి-జూన్‌లో సిక్‌నెస్ బెనిఫిట్ (జబ్బు రోజులకు ఇచ్చే డబ్బు) వస్తుంది. అక్టోబరు-మార్చి చందాకి జులై-డిసెంబరు. కొత్తగా చేరినవాళ్ల లెక్క వేరు.

ఇంకొకటి, మంచితనం తెచ్చే చిక్కు. అవే రోజులకు మీరు జీతంతో లీవు ఇస్తే ఈఎస్ఐ ఇవ్వదు, ఒక రోజుకి రెండూ కుదరవు. జీతం లీవు ఏ తేదీతో అయిపోయిందో, ఈఎస్ఐ సర్టిఫికెట్ ఏ తేదీ నుంచి మొదలైందో ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి.

సమస్య: మూడు నెలలకే డబ్బు ఆగిపోయింది

మామూలు బెనిఫిట్ జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజులే. చాలామంది ఓనర్లు కథ అక్కడితో అయిపోయిందనుకుంటారు. టీబీ, క్యాన్సర్ లాంటి దీర్ఘకాలిక జబ్బుల జాబితా ఒకటి ఉంది. రెండేళ్ల సర్వీసు, సరిపడా చందా ఉన్నవాళ్లకి వాటికి 80 శాతం, ఎక్కువ కాలం ఇస్తారు. దీని గురించి మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రి డాక్టర్‌ని మొదటి నెలలోనే అడగమనండి.

జీతం 21,000 దాటి ఈఎస్ఐలో లేని మనిషైతే దారులు తక్కువ: పీఎఫ్ అడ్వాన్స్, మీరు ఇవ్వగలిగింది. ఎంత, ఎన్ని నెలలు అన్నది మొదట్లోనే చెప్పేయండి.

సమస్య: పని ఆగింది

కస్టమర్ల కొలతలు గోడ మీద సుద్దముక్కతో, గ్యాస్ సిలిండర్ల వాళ్ల నంబరు లీవులో ఉన్న వెల్డర్ ఫోన్‌లో. అవి ముందు నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. బదులుగా వచ్చే వెల్డర్‌కి ఫలానా తేదీ వరకే అని రాసి ఇవ్వండి.

సమస్య: మిగతావాళ్ల గుసగుసలు

"ఇంట్లో కూర్చోబెట్టి జీతం ఇస్తున్నారట." వచ్చేది ఈఎస్ఐ డబ్బని చెప్పండి. జబ్బు పేరు మాత్రం చెప్పకండి, టీబీ అయితే అసలే వద్దు.

సమస్య: "తీసేద్దామా?"

బెనిఫిట్ అందుతున్న కాలంలో తీసేయకూడదని 1948 ఈఎస్ఐ చట్టం సెక్షన్ 73లోనే రాశారు; 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. ఆ ఆలోచన మానుకోండి. తిరిగి వచ్చిన రోజు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోండి. పొగకి దూరంగా ఉండమని డాక్టర్ రాస్తే, కొన్నాళ్లు స్టాకు, కటింగ్ లిస్టులు ఆయనకి అప్పగించండి.