తడి రాయి మీద నిలబడి చూశాకే ట్రెయిల్ షూస్ కొనండి

మా పాలిష్ ఫ్యాక్టరీ వెనక, నీళ్ళ తొట్టి పక్కన ఒక స్టీల్ గ్రే గ్రానైట్ ముక్క పడి ఉంటుంది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 30 ఎంఎం మందం. అంచు విరగడంతో ఎక్స్‌పోర్టుకు పనికిరాదని పక్కన పెట్టేశారు. దానికి ఒక వైపు గరుకుగా ఫ్లేమింగ్ చేసి ఉంది, రెండో వైపు నున్నగా హోనింగ్. ట్రెయిల్ షూస్, అంటే కంకర, మట్టి, బండ దారుల్లో పరుగుకు చేసిన బూట్లు, కొత్తవి ఏవైనా చేతికొస్తే ఆ ముక్క ఒక చివర కింద ఇటుకలు పేర్చి, బక్కెట్టు నీళ్ళు పోసి, షూస్ వేసుకుని దాని మీద నిలబడతాను. మొదట్లో కటింగ్ మిషన్ దగ్గరి కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఇటుకలు అందించేది వాళ్ళే.

చీమకుర్తిలో స్లాబులకు మార్కింగు వేయడం నా పని. గీత, మచ్చ, మందం చూసి ఏది ఏ గ్రేడో సుద్దతో రాసేస్తాను. పద్నాలుగేళ్ళుగా రాయినే చూస్తున్నాను కాబట్టి, నలభై దాటాక పరుగు మొదలుపెట్టినప్పుడు కూడా నా ధ్యాస కాలి కింద రాయి మీదికే పోయింది. వారంలో మూడు రోజులు క్వారీ రోడ్డు మీదుగా, ఆదివారం రామతీర్థం రిజర్వాయరు కట్ట దాటి కొండ వైపు, ఏడాదికి ఒకటి రెండుసార్లు భైరవకోన. నేను పరిగెత్తే చోట్లు ఇవే.

మొదటిసారి తప్పు కొన్నాను. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి, సోలుకు ట్రాక్టరు టైరు పళ్ళలాంటి పెద్ద పళ్ళు ఉంటే పట్టు అంత ఎక్కువని అనుకున్నా. ఆరు ఎంఎం పళ్ళు. మూడు నెలలు తిరక్కుండా ముందు వరస పళ్ళు సగానికి విరిగి ఊడిపోయాయి. అమ్మినవాళ్ళను అడిగితే ‘మీరు వాడిన తీరు సరిగా లేదు’ అన్నారు. అప్పుడు ఒళ్ళు మండింది గానీ, తర్వాత ఆలోచిస్తే అందులో కొంత నిజం ఉంది. లోతుగా, ఎడంగా ఉండే పళ్ళు బురదలో దిగబడి పట్టుకోవడానికి చేసినవి. గట్టి రాయి మీద అవి దిగబడవు. మనిషి బరువంతా పళ్ళ కొసల మీద పడుతుంది, ఒక్కో పన్ను పక్కకు వంగుతుంది, కంకర అంచు తగిలిన చోట చిట్లుతుంది. అదే బూటు నల్లరేగడి చేలగట్ల మీద వానాకాలంలో బంగారం. పళ్ళ మధ్య ఎడం ఉండటంతో మట్టి ముద్ద కట్టకుండా రాలిపోతుంది.

కాబట్టి షూస్ పోల్చే ముందు మీరు పరిగెత్తే నేలను కాగితం మీద పెట్టండి. పది కిలోమీటర్లు పరిగెడితే అందులో తారు ఎంత, కంకర ఎంత, మట్టి ఎంత, బండ ఎంత, ఇసుక ఎంత. నాకైతే ఏడు కిలోమీటర్లు కంకర, క్వారీ చిప్స్, రెండు తారు, ఒకటి మట్టి. నెల్లూరులో ఉండి పెన్న ఇసుకలోనో మైపాడు ఒడ్డునో పరిగెత్తేవాళ్ళకు పట్టు గురించి బెంగే అక్కర్లేదు. వాళ్ళు చూడాల్సింది ఇసుక లోపలికి రాని సన్నటి నేత, పాదాన్ని చుట్టి బూటు నాలుకతో కలిపి కుట్టిన లోపలి గుడ్డ. ఉదయగిరి దుర్గం ఎక్కేవాళ్ళది మళ్ళీ వేరే లెక్క, అక్కడంతా రాళ్ళ ఎక్కుడు. కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గానీ ఆ కోటను పట్టుకోలేకపోయాడు. ఆ దారిలో ఒక్కసారి పిక్కలు పట్టేస్తే ఎందుకో అర్థమవుతుంది.

ఇక పట్టు. మూడడుగుల రాయి కింద మూడంగుళాల ఇటుక ఒక్కొక్కటే పెంచుకుంటూ పోతే వాలు పెరుగుతుంది. పొడిగా ఉన్న ఫ్లేమింగ్ రాయి మీద అన్ని షూసూ నిలబడతాయి, అక్కడ పోలిక దండగ. ఫ్లేమింగ్ అంటే మంటతో పైపొరను చిట్లగొట్టి గరుకు చేయడం కదా, ఆ గరుకులోకి రబ్బరు ఒదుగుతుంది. తేడా బయటపడేది నీళ్ళు పోశాక. తడి హోనింగ్ వైపు నా పాత రోడ్డు షూస్ రెండో ఇటుకకే జారాయి. పెద్ద పళ్ళవి మూడో ఇటుకకు. మెత్తని రబ్బరు, నాలుగు ఎంఎం పళ్ళు దగ్గరదగ్గరగా ఉన్న జత నాలుగో ఇటుక దాకా ఆగింది. కారణం పెద్ద రహస్యమేం కాదు. రాయికీ రబ్బరుకూ మధ్య నీటి పొర ఉంటుంది. దాన్ని పక్కకు నెట్టి రాయిని తాకగలిగే మెత్తదనం రబ్బరుకు ఉండాలి, తాకే భాగం కూడా ఎక్కువ ఉండాలి.

రెండు జతలు పోల్చేటప్పుడు ఎడమ కాలికి ఒకటి, కుడి కాలికి ఒకటి వేసుకోండి. ఏది ముందు జారుతుందో ఒక్క నిమిషంలో తేలిపోతుంది. తర్వాత కాళ్ళు మార్చి మళ్ళీ చూడండి, ఎందుకంటే మనం ఒక కాలి మీద ఎక్కువ బరువు వేస్తాం. పక్కన ఒకరి భుజం పట్టుకోండి. రాయి కింద గోనెపట్టా వేయండి, లేకపోతే బూటు కన్నా ముందు రాయే జారుతుంది. స్లాబు ఎక్కడ దొరుకుతుంది అంటారా? మీ పెరట్లో బట్టలుతికే బండ ఉంటుంది కదా, అది చాలు. సబ్బు మాత్రం కడిగేయండి.

షాపులో బండ ఉండదు కాబట్టి అక్కడ బొటనవేలి గోరుతో సోలు నొక్కి చూడండి. గోరు కాస్త దిగి మెల్లగా పైకి లేస్తే మెత్తని రబ్బరు. గోరు జారిపోతే గట్టిది. సోలు మీద విబ్రామ్ అనే పసుపు ముద్ర కనబడితే చాలామంది కళ్ళు మూసుకుని కొంటారు. విబ్రామ్ ఇటలీ కంపెనీ, షూస్ కంపెనీలకు సోళ్ళు చేసి ఇస్తుంది. వాళ్ళ రబ్బరే ఒక రకం కాదు, చాలా రకాలున్నాయి. అందులో మెగాగ్రిప్ అనేది తడి రాయికి పేరు పడింది. హోకా కంపెనీ స్పీడ్‌గోట్ షూస్‌కి అదే వేస్తారు. ముద్రతో పాటు రబ్బరు రకం పేరు కూడా చదవండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. పాచి మీద ఏ బూటూ పట్టదు. భైరవకోన జలపాతం కింద బండల మీద నా నాలుగిటుకల జతతోనే వెల్లకిలా పడ్డాను, మోచెయ్యి చీరుకుపోయింది. అక్కడ పరుగు ఆపి, అవసరమైతే చేతులు కూడా ఆనించి దాటడమే.

సుఖం సంగతికొస్తే, నాకు పాఠం చెప్పింది మా మేనల్లుడు. వాడు కానిస్టేబుల్ సెలక్షన్స్‌కి 1600 మీటర్లు ప్రాక్టీస్ చేస్తున్నాడు. ఒంగోలులో షాపుకెళ్తే వాడు అడుగు వేసీ వేయగానే, ‘మామా, మెత్తగా ఉండాయి, ఇయ్యే తీసుకుందాం’ అన్నాడు. షాపు కార్పెట్ మీద ఏది మెత్తగా ఉండదు? ‘నాలుగు మెట్లు గబగబా దిగిరా’ అన్నాను. దిగొచ్చి, ‘వేళ్ళు ముందుకు పోయి కొట్టుకుంటన్నాయి’ అన్నాడు. అదీ సంగతి. కొండ దిగేటప్పుడు పాదం ముందుకు జరుగుతుంది. బొటనవేలి ముందు ఒక వేలి మందం ఖాళీ లేకపోతే నెల తిరక్కుండా గోరు నల్లబడుతుంది.

షూస్ కొనడానికి సాయంత్రం వెళ్ళండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. పరుగుకి వేసుకునే సాక్సే వేసుకెళ్ళండి, అవి నూలువి కాకుండా ఉంటే మేలు. చెమటకు తడిసిన నూలు సాక్స్ బొబ్బలు తెప్పిస్తాయి. ఇంట్లో కాగితం మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిలుతో గీసుకోండి. షాపులో బూటు లోపలి అట్ట, అదే ఇన్‌సోలు, బయటికి తీసి ఆ గీత మీద పెట్టండి. చిటికెనవేలు అట్ట దాటి బయటికొస్తుంటే ఆ బూటు ఎంత మెత్తనిదైనా మీది కాదు. చిన్నప్పటి నుంచి చెప్పుల్లో తిరిగిన మన పాదాలు చాలామందికి ముందు వైపు విచ్చుకుని ఉంటాయి. నాకైతే సైజు పెంచినా కుదరలేదు, వెడల్పు రకమే కావాల్సి వచ్చింది.

డ్రాప్ అనే మాట వింటారు. మడమ కింద మందానికీ వేళ్ళ కింద మందానికీ ఉన్న తేడాను అలా అంటారు. ఆల్ట్రా కంపెనీ లోన్ పీక్ షూస్‌లో అది సున్నా, వేళ్ళ దగ్గర బాగా వెడల్పు కూడా. స్పీడ్‌గోట్‌లో నాలుగైదు ఎంఎం, సాలమన్ స్పీడ్‌క్రాస్‌లో పది. సున్నా డ్రాప్ సహజమైనదని, మన తాతలు ఉత్త కాళ్ళతోనే తిరిగారని నాతో ఒకాయన వాదించాడు. నిజమే, కానీ మనం తాతల్లా నడవడం మానేసి చాలాకాలమైంది. ఒక్కసారిగా తక్కువ డ్రాప్‌కి మారితే పిక్కలు, మడమ వెనక నరం పట్టేస్తాయి. మారాలనుకుంటే వారానికి ఒక్క రోజుతో మొదలుపెట్టి రెండు నెలలు తీసుకోండి.

కంకర మీద పరిగెత్తేవాళ్ళు ఇంకొకటి చూడాలి. వేళ్ళ వెనక, అరికాలి ముందు భాగం కింద బొటనవేలితో గట్టిగా పొడవండి. లోపల చేయి పెడితే ఆ పోటు తెలుస్తోందా? తెలిస్తే క్వారీ చిప్స్ కూడా తెలుస్తాయి. కొన్నింటిలో సోలు మధ్య పలుచని ప్లాస్టిక్ పలక ఉంటుంది, రాక్ ప్లేట్ అంటారు. దాంతో కాస్త బిరుసుగా అనిపిస్తుంది గానీ మా రోడ్డు మీద నేనది లేకుండా వెళ్ళను. అది చిల్లచెట్టు ముల్లును కూడా చాలావరకు ఆపుతుంది. ఆపినా ఇంటికొచ్చాక సోలు చూసుకోండి. ముల్లు విరిగి సోలు మీది మెత్తని ఫోములో ఉండిపోతుంది, నడిచి నడిచి వారం తర్వాత అరికాల్లో దిగుతుంది.

మన్నిక కళ్ళతో చెప్పేది కాదు, కొలవాలి. నా దగ్గర స్లాబు మందం కొలిచే వెర్నియర్ ఉంది. కొత్తలో బొటనవేలి కింది పన్ను 4 ఎంఎం ఉంటే రాసుకుంటాను, ప్రతి 100 కిలోమీటర్లకు మళ్ళీ కొలుస్తాను. వెర్నియర్ లేకపోతే అగ్గిపుల్లను పళ్ళ మధ్య నిలబెట్టి గోటితో గుర్తు పెట్టుకోండి. ఇక్కడే చిక్కు వస్తుంది. తడి రాయి మీద గెలిచిన మెత్తని రబ్బరే క్వారీ రోడ్డు మీద ముందు అరుగుతుంది. గట్టి రబ్బరు ఎక్కువ రోజులు ఉంటుంది, జారుతుంది. రెండూ పూర్తిగా ఒకే బూటులో దొరకవు.

సోలు బాగున్నా ఫోము చచ్చిపోతుంది. మామూలుగా 500 నుంచి 800 కిలోమీటర్లు అంటారు. నా బరువు 82 కిలోలు, కాబట్టి నేను తక్కువ వైపే లెక్క వేసుకుంటాను. బూటును పక్క నుంచి చూస్తే ఫోములో అడ్డంగా ముడతలు కనబడతాయి. పరిగెత్తాక మోకాళ్ళు కొత్తగా నొప్పి పెడుతున్నా అనుమానించాల్సిందే. డబ్బు కూడా కిలోమీటర్లలో చూడండి. 4,500 రూపాయల జత 450 కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు పది రూపాయలు. 13,000 జత 650 వస్తే ఇరవై. ఖరీదైనది ఎక్కువ కాలం వచ్చినా చవక కావాలని లేదు.

పైగుడ్డ మా దగ్గర రాతి దుమ్ముతోనే చిరుగుతుంది. ఆ దుమ్ము సన్నటి గాజుపొడిలాంటిది, వేళ్ళు వంగే చోట నేతలో చేరి లోపల్నుంచి కోస్తుంది. అందుకే పరుగయ్యాక దులిపి, పాత టూత్‌బ్రష్షుతో తోముతాను. నీళ్ళకు తడిస్తే లోపల పేపరు కుక్కి నీడలో ఆరబెట్టాలి. వాషింగ్ మిషన్ వద్దు. మే నెలలో కారు డిక్కీలో వదిలేయడం అంతకన్నా వద్దు. ఆ వేడికి జిగురు వదులై నా జత ఒకటి ముందు నోరు తెరిచింది. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన నలభై రూపాయలకు అతికించి, అంచంతా దారంతో కుట్టి ఇచ్చాడు. ఇంకో 200 కిలోమీటర్లు లాగించాను.

వాటర్‌ప్రూఫ్ రకాలు మన ఎండకు అనవసరం. లోపలి చెమట సరిగా బయటికి పోదు, పైనుంచి నీళ్ళు దిగాయంటే అవీ త్వరగా పోవు. బరువు కిరాణా కాటా మీద చూసుకోవచ్చు, కానీ యాభై గ్రాముల తేడా కోసం ముందు వైపు గట్టి రబ్బరు తొడుగు వదులుకోకండి. రాయి తన్నుకున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే మొదటి రోజు ఇంట్లో దుప్పటి పరిచి దాని మీదే నడవండి. సోలుకు మట్టి అంటితే వెనక్కి తీసుకోరు. బండ పరీక్ష కూడా ఉంచుకోవాలని తేల్చుకున్నాకే.

నాకు ఇప్పుడు రెండు జతలున్నాయి. క్వారీ రోడ్డుకు గట్టి రబ్బరు, రాక్ ప్లేటు ఉన్న మధ్య ధర జత. కొండకు, భైరవకోనకు మెత్తని రబ్బరుది, దాన్ని తారు మీద అసలు అరగనివ్వను. ఒక్కటే కొనగలిగితే మొదటిదే కొంటాను, తడి బండ వస్తే నడుస్తాను. మేనల్లుడికి మాత్రం ట్రెయిల్ షూస్ కొనలేదు. 1600 మీటర్లు పరిగెత్తాల్సింది మైదానంలో కదా. తేలికపాటి రోడ్డు షూస్ తీసుకున్నాం. వాడికవి బిల్లు కట్టాక కూడా నచ్చలేదు, ‘పళ్ళున్నయ్యి అయితే చూట్టానికి బాగుండేయి మామా’ అని ఒంగోలు నుంచి ఇంటిదాకా గొణుగుతూనే ఉన్నాడు.