తొడ బొక్క మీద బరువు పెట్టి చూద్దాం

ప్రాణహిత ఒడ్డున మా సిరొంచ దగ్గరే కోట అనే ఊరుంది. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో అస్థిపంజరంగా నిలబెట్టిన పెద్ద డైనోసార్ కోటసారస్‌కు ఆ పేరు ఇక్కడి రాతి పొరల నుంచే వచ్చింది. అంత శరీరాన్ని ఆ కాళ్లు ఎట్లా మోశాయో లెక్కగట్టడం నేర్చుకోవాలంటే డైనోసారే అక్కర్లేదు. రాయైన బొక్కలు (శిలాజాలు) దొరికే వడధం వైపు వెళ్లి వాటిని ఏరుకురావద్దు కూడా.

నాకు ఏటి ఇసుకలో ఎద్దు తొడ బొక్క దొరికింది. అమ్మ గడప దాటనివ్వలేదు. అరుగు మీదే నీడలో పెట్టి, పక్కన స్కేలు ఉంచి, చుట్టూ తిరుగుతూ ఫోన్‌తో 120 ఫొటోలు తీశాను. వాటిని త్రీడీ మోడల్‌గా మార్చే మెష్‌రూమ్ ప్రోగ్రాంకు ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు కావాలి, బామ్మర్ది సిస్టంలో చేయించాను. త్రీడీ మోడళ్లను సరిచేసే మెష్‌ల్యాబ్‌లో చిల్లులు పూడ్చి, మోడల్ పైపొరను అల్లే త్రిభుజాలను 20,000కి తగ్గించాను. ఆ మోడల్‌ను దాచే ఎస్‌టీఎల్ ఫైలుకు మిల్లీమీటరా, మీటరా అన్న కొలమానం తెలియదు. టేపుతో కొలిస్తే బొక్క 32 సెంటీమీటర్లు, కాబట్టి మోడల్ పొడవు 320 (మిల్లీమీటర్లు) అయ్యేలా సరిచేయాలి.

ఇక ప్రీపోమ్యాక్స్. మోడల్‌ను చిన్న ముక్కల అల్లికగా (మెష్) విడగొట్టి, బరువు పడితే ఎక్కడ ఎంత ఒత్తిడి, ఎంత కదలిక వస్తాయో రంగుల్లో చూపించే ప్రోగ్రాం. ఇది ఉచితం, లోపల లెక్క చేసేది కాల్క్యులిక్స్ అనే ఇంకో ప్రోగ్రాం. యూనిట్లు మిల్లీమీటర్, న్యూటన్ ఎంచుకొని, మోకాలి వైపు కొసను బిగించండి. 300 కిలోల ఎద్దు బరువులో నాలుగో వంతు అంటే సుమారు 735 న్యూటన్లు. దాన్ని పైనున్న గుండు మీద కాస్త వెడల్పుగా పరచండి. ఒకే బిందువు మీద పెడితే అక్కడ ఎక్కువ ఒత్తిడి చూపే ఎర్రచుక్క వస్తుంది, మెష్ ముక్కలు సన్నబడేకొద్దీ దాని అంకె పెరుగుతూనే పోతుంది. దాన్ని నమ్మొద్దు.

రాయైన బొక్కకైనా రాయి గుణాలు ఇవ్వకూడదు, బతికున్నప్పటి ఎముకవే ఇవ్వాలి. పదార్థం ఎంత బిర్రుగా ఉందో చెప్పే యంగ్స్ మాడ్యులస్ 17,000 మెగాపాస్కల్స్ (అంటే 17 గిగాపాస్కల్స్), నొక్కితే పక్కలకు ఎంత ఉబ్బుతుందో చెప్పే పాయిసన్స్ రేషియో 0.3. నేను గిగాపాస్కల్స్ అనుకొని, మెగాపాస్కల్స్ అడిగేచోట 17 కొట్టాను. రంగులు చక్కగా వచ్చాయి, ఒత్తిడి అంకెలూ బాగున్నాయి. సంబరపడి కదలిక చూస్తే, మూరెడు కూడా లేని బొక్క దాదాపు మీటరు పక్కకు ఒరిగిందట! ఒకే పదార్థం, నిర్ణీత బరువు ఉన్న సాదా లెక్కలో మాడ్యులస్ తప్పినా ఒత్తిడి మారదు, కదలికే వెయ్యి రెట్లవుతుంది. అందుకే ముందు కదలిక చూడండి, రంగులు తర్వాత.

ఇంకోటి, ఫొటోల మోడల్ లోపల గట్టి ముద్దే, మూలుగ గది ఉండదు. కాబట్టి ఒత్తిడి అసలు కంటే తక్కువ చూపిస్తుంది. లోపలి గది కావాలంటే సీటీ స్కాన్ ఉండాల్సిందే.