బడి కబురు ఇంటికి చేరడం లేదా? ఎక్కడ తెగిందో వెతికే తీరు

ఇద్దరు ముగ్గురు టీచర్లు, యాభై అరవై మంది పిల్లలు ఉండే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల కోసం ఇది. "ఈ ఊళ్లో తల్లిదండ్రులకు పట్టింపు లేదు" అని తేల్చేసే ముందు చిన్న పరీక్ష చేయండి. నిన్న పంపిన కబురు గురించి గేటు దగ్గర ఐదుగురిని అడగండి. "ఏం కబురు సార్?" అంటే అది చేరలేదు. "ఏదో వచ్చింది గానీ..." అంటే అర్థం కాలేదు. "తెలుసు మేడమ్, పనికి పోవాల్సి వచ్చింది" అంటే వీలు పడలేదు. ఈ మూడింటికీ ఒకే మందు పనిచేయదు. అయినా చాలా బళ్లలో మూడింటికీ అదే మెసేజ్‌ను మళ్లీ మళ్లీ పెడుతుంటారు.

"గ్రూపులో పెట్టాం, అయినా సగం మందికి తెలియదు"

ముందు లెక్క తీయండి. వాట్సాప్ గ్రూపులో మీ మెసేజ్‌ను నొక్కి పట్టుకుని దాని సమాచారం తెరిస్తే ఎవరు చదివారో, ఎవరికి చేరిందో విడివిడిగా కనబడుతుంది. నీలి టిక్కులు ఆపేసుకున్నవాళ్లు చదివినా గ్రూపులో తెలిసిపోతుంది. చేరని పేర్లను మూడు రోజులు రాసుకోండి. అవే పేర్లు తిరిగి తిరిగి వస్తే కారణం చాలావరకు కింది నాలుగింటిలోనే ఉంటుంది.

రీచార్జి అయిపోయి ఉంటుంది. 28 రోజుల ప్లాన్ ముగిశాక కూలి డబ్బులు చేతికొచ్చే దాకా నెట్ ఉండదు. అలాంటి ఇంటికి ఫోన్ చేయాలి, లేదా పిల్ల చేతికి చీటీ ఇవ్వాలి.

నంబరు పాతదై ఉంటుంది. అడ్మిషన్ రోజున రాయించింది మేనమామదో, మీసేవలో ఎవరిదో కావచ్చు. నెలల తరబడి రీచార్జి లేని నంబరు రద్దై ఇంకొకరికి పోతుంది. అప్పుడు పిల్ల వివరాలు ముక్కూ మొహం తెలియని మనిషికి వెళ్తుంటాయి. అందుకే నంబరు చెప్పగానే అక్కడే రింగ్ ఇచ్చి చూసుకోవాలి.

అసలు గ్రూపులో చేరే ఉండకపోవచ్చు. తమకు తెలిసిన నంబర్లవాళ్లే చేర్చాలని సెట్టింగ్ పెట్టుకున్న ఫోన్లను మీరు నేరుగా చేర్చలేరు, ఆహ్వాన లింకు పంపాలి.

నాలుగోదే అసలు చిక్కు. ఫోను నాన్న జేబులో ఉంటుంది, పిల్ల నానమ్మ దగ్గర ఉంటుంది. కర్నూలు పడమటి మండలాల నుంచి గుంటూరు, పల్నాడు మిర్చి కోతలకు వెళ్లే ఇళ్లలో నెలల పాటు ఇదే పరిస్థితి. మెసేజ్ చదివినట్టే కనబడుతుంది, ఇంట్లో మాత్రం ఎవరికీ తెలియదు.

దీనికి నంబర్ల రిజిస్టరు ఒకటి పెట్టండి. ఒక్కో పిల్లకు ఒక వరుసలో పేరు, పొద్దున జడ వేసి బడికి పంపేది ఎవరు, వాళ్ల నంబరు, స్మార్ట్ ఫోనా బటన్ ఫోనా, తెలుగు చదవగలరా, పక్కింటి నంబరు రాయండి. "జడ వేసేది ఎవరు" అన్న గడిని వదలొద్దు, మిగతా గడులన్నీ దాని చుట్టూ తిరిగేవే. జూన్‌లో రాసి, దసరా సెలవుల తర్వాత ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి సరిచూడండి. వలస ఇళ్లకు రెండు నంబర్లు ఉండాలి. డబ్బు, ఆధార్, బ్యాంకు సంగతులు నాన్నకు చెప్పండి. తెల్లారి చేయాల్సిన పని నానమ్మకు చెప్పండి.

"గ్రూపు గోల వద్దని బ్రాడ్‌కాస్ట్ పెట్టాం. కొందరికే వెళ్తోంది"

బ్రాడ్‌కాస్ట్ అంటే ఒకే మెసేజ్‌ను వాట్సాప్‌లో జాబితాలోని అందరికీ విడివిడిగా పంపడం. మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. మీరు వాళ్ల నంబరు సేవ్ చేసుకుంటే చాలదు. మొదటి మీటింగులో అందరి ఫోన్లూ తీయించి "బడి" అని సేవ్ చేయించండి, పని పది నిమిషాల్లో అయిపోతుంది. ఒక జాబితాలో 256 మంది దాకా పడతారు, చిన్న బడికి అది ఎక్కువే.

"బటన్ ఫోన్లకు ఎస్సెమ్మెస్ పంపితే ముక్కలై వెళ్తోంది"

ఇంగ్లిష్ లిపిలో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడితే తెలుగు లిపిలో 70 మాత్రమే. ఆ లెక్కలో గుణింతం గుర్తు కూడా ఒక అక్షరమే. "బుధవారం బడికి సెలవు." అన్న మాటలో మన కంటికి పది అక్షరాలే ఉన్నాయి. ఖాళీలూ చుక్కా కలిపితే ఫోను లెక్కలో 20. కాబట్టి ఎనిమిది పది మాటల్లో ముగించండి. కొన్ని పాత ఫోన్లలో తెలుగు బదులు డబ్బాలు కనబడతాయి. వాటికి ఫోన్ చేయడమే దారి. రోజుకు ఇన్ని ఎస్సెమ్మెస్‌లే అన్న హద్దు మీ ప్లాన్‌లోనూ ఉంటుంది, చూసుకోండి.

"చదివారు, కానీ చెప్పింది చేయలేదు"

ఇలాంటి కబుర్లు ఎన్ని చూడలేదు!

"విద్యార్థుల తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా, ఆధార్ బయోమెట్రిక్ నవీకరణ శిబిరము నిర్వహించబడును. కావున అందరూ విధిగా సహకరించగలరు."

మండలం నుంచి వచ్చిన భాషను ఉన్నదున్నట్టు ముందుకు తోసేశాం. ఎవరు రావాలో, ఏం తేవాలో అందులో లేదు. అదే ఇలా రాయొచ్చు:

"గురువారం పొద్దున 10కి బడిలో పిల్లల ఆధార్ వేలిముద్రలు తీస్తారు. 5 నుంచి 7 ఏళ్ల పిల్లలకు. అమ్మ గానీ నాన్న గానీ పిల్ల ఆధార్ కార్డు తీసుకుని రావాలి. డబ్బు కట్టనక్కర్లేదు."

ఆ చివరి మాటను వదిలేయకండి. డబ్బు అడుగుతారేమోనన్న అనుమానం ఉంటే మనిషి బడి గడప తొక్కడు. ఖర్చు ఉంటే ఎంతో రాయండి, లేకపోతే లేదని రాయండి.

"రేపు" అని ఎప్పుడూ రాయకండి. నెట్ లేని ఫోనుకు ఆ మెసేజ్ రెండు రోజులు ఆగి చేరుతుంది, అప్పుడు వాళ్ల "రేపు" వేరే రోజు అవుతుంది. వారం పేరు చెప్పండి. తేదీ ఒక్కటే ఇస్తే కూలి పనికెళ్లే ఇంట్లో గుర్తుండదు.

చదవలేని వాళ్లకు వాయిస్ మెసేజ్ పెట్టండి, 40 సెకన్లు దాటనివ్వకండి. నమస్కారాలతో మొదలుపెడితే అసలు సంగతి వచ్చేలోపు ఆపేస్తారు. "మూడో తరగతి, శుక్రవారం, పళ్లెం పంపండి" అన్నంత సూటిగా మొదలుపెట్టాలి. తండా పిల్లలుంటే లంబాడీలో, ఉర్దూ ఇళ్లుంటే ఉర్దూలో, ఆ భాష వచ్చిన పిల్ల తల్లి చేత చెప్పించి రికార్డు చేయండి. పంపే వేళ సాయంత్రం 7 నుంచి 8. మధ్యాహ్నం పంపింది పొలం నుంచి వచ్చేసరికి ఫార్వర్డుల కింద పడిపోయి ఉంటుంది. వారమంతా గుర్తుండాల్సిన మెసేజ్‌ను గ్రూపు పైన పిన్ చేసి 7 రోజులు పెట్టండి. సాయంత్రమే పంపాలన్న మాటకు వాన సెలవు లాంటి అత్యవసరం ఒక్కటే మినహాయింపు. అది తెలిసిన వెంటనే గ్రూపులోనూ, గుడి మైకులోనూ చెప్పించండి.

చీటీల విషయంలో ఒక మాట. చొక్కా జేబులో పెట్టిన చీటీ ఉతుకులో పోతుంది. ఏ4 కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేసి నోటుబుక్కు అట్టకు పిన్ కొట్టండి. 40 మందికి 5 కాగితాలు చాలు.

"బడిలో ఏం చెప్పారంటే పిల్లాడు 'ఏం లేదు' అంటాడు"

మనం రోజూ పంపే మెసేజ్ కూడా అలాంటిదే: "తెలుగు: 4వ పాఠం. గణితం: కూడికలు." చదువుకోని తల్లి దాంతో ఏం చేయగలదు? పాఠం పేరు బదులు ఆమె అడగగలిగే ప్రశ్న ఇవ్వండి. "ఈ రోజు తడి గుడ్డలో కట్టిన గింజల్లో ఏది ముందు మొలకెత్తింది? అడగండి." "ఇంట్లో ఉన్న గ్లాసులు రెండు వరుసల్లో పెట్టించి లెక్కపెట్టించండి." రోజుకు ఒక్కటి చాలు. అయిదో తరగతి పిల్లలతో గేటు పక్క బోర్డు మీద అదే ప్రశ్న, మర్నాటి భోజనంలో ఏముందో రాయించండి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. దారిన పోయేవాళ్లు సైకిలు దిగకుండా చదవగలిగితే సరిపోయినట్టు.

"ఇంటి నుంచి బయల్దేరాడు, బడికి రాలేదు"

దీన్ని సాయంత్రం మెసేజ్‌కు వదలకూడదు. హాజరు వేసిన అరగంటలోపు ఫోన్ చేయాలి. ముందు జడ వేసే మనిషికి, తర్వాత రెండో నంబరుకు, తర్వాత పక్కింటికి. ఎవరూ ఎత్తకపోతే ఆ వీధిలో ఉండే బడి కమిటీ సభ్యురాలికి చేయండి. ఫోన్ చేసిన వేళ రిజిస్టరులో రాయండి. "ఎందుకు పంపలేదు?" అని మొదలుపెట్టొద్దు. "బాబు ఇంకా రాలేదమ్మా, ఇంట్లోనే ఉన్నాడా?" అనండి. గద్దించిన ఇల్లు రెండోసారి ఫోన్ ఎత్తదు.

"మాత్ర వేసిన రోజు ఊరంతా బడి మీద పడింది"

నులిపురుగుల మాత్రలు మామూలుగా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇస్తారు. బడి పిల్లలకు 400 మి.గ్రా. ఆల్బెండజోల్, నమిలి మింగాలి. కడుపులో పురుగులు ఎక్కువున్న పిల్లలకు కాసేపు వికారం, కడుపునొప్పి రావచ్చు. ఇది ముందే చెప్పకపోతే ఒక్క పిల్ల వాంతి చేసుకోగానే "మాత్ర వికటించింది" అన్న వాయిస్ మెసేజ్ పక్క ఊరికి కూడా పోతుంది.

రెండు రోజుల ముందు ఒకసారి, ముందురోజు సాయంత్రం ఒకసారి చెప్పండి: ఏ మాత్ర, ఎందుకు, వేసేటప్పుడు ఏఎన్ఎం గానీ ఆశా గానీ ఉంటారా, కాసేపు ఏమనిపించవచ్చు. జ్వరంగా ఉన్నా, వేరే మందులు వాడుతున్నా ఆ రోజు వేయరని, ముందే చెప్పమని అడగండి. మాత్ర వేశాక గంటకు "అందరూ బాగున్నారు, భోజనం చేస్తున్నారు" అని ఒక్క ముక్క పెట్టండి, అది నిజమైతేనే. ఎవరికైనా నలతగా ఉంటే ఆ ఇంటికి మీరే ముందు ఫోన్ చేయాలి. వారానికోసారి ఇచ్చే గులాబీ రంగు ఐరన్ మాత్రలకూ ఇదే పద్ధతి. వాటితో మలం నల్లగా రావడం మామూలేనని, ఖాళీ కడుపున ఇవ్వబోమని చెబితే సగం భయం పోతుంది.

"గ్రూపు పోట్లాటల పాలైంది"

గుడ్డు చిన్నదైందన్న ఫొటోతో మొదలై సర్పంచ్ ఎన్నికల దాకా పోతుంది. అడ్మిన్లే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చండి. కానీ నోరు నొక్కేసి ఊరుకోకండి. బడి వదిలాక అరగంట పాటు ఫోన్ ఎత్తుతామని అదే గ్రూపులో రాసి, ఎత్తండి. భోజనం ఫిర్యాదు వస్తే మర్నాడు ఇద్దరు తల్లులను పిలిచి పిల్లలతో కలిసి తినమనండి.

మార్కుల జాబితా, ఎవరి తలలో పేలున్నాయో, ఎవరి ఆధార్ నకలు రావాలో గ్రూపులో పెట్టే సంగతులు కావు. పొరపాటున పెడితే రెండున్నర రోజుల్లోపు అందరికీ కనబడకుండా తీసేయవచ్చు. ఈలోపు ఎవరైనా దాచుకుంటే అది మీ చేతిలో లేదు, ఆ ఇంటికి ఫోన్ చేసి మీరే చెప్పడం మంచిది.

"మీటింగుకు ఎవరూ రారు"

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న అన్ని ప్రభుత్వ బళ్లలో ఒకే రోజు జరిపిన మెగా సమావేశం లాంటివి వేరు, నెలనెలా పెట్టే మీటింగు వేరు. నాట్ల రోజుల్లో పదకొండు గంటలకు పిలిస్తే ఒక రోజు కూలి పోతుంది. పైగా అందరి ముందు పిల్ల గురించి తిట్లు వినాలి, ఎవరొస్తారు? సాయంత్రం ఆరున్నరకు, ఇరవై నిమిషాలు పెట్టండి. డ్వాక్రా సంఘం కూర్చునే రోజు ఉంటే మీరే అక్కడికి వెళ్లండి, తల్లులంతా ఒక్కచోటే దొరుకుతారు. పిల్లకు వచ్చిన పని ఒకటి ముందు చూపించండి, తగ్గినదాన్ని పక్కకు పిలిచి చెప్పండి.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. వాళ్ల పేర్లు గోడ మీద రాసి ఊరుకోకుండా ఒక్కొక్కరికి ఆరేడు ఇళ్లు పంచండి. మీ రిజిస్టరులో "ఫోన్ లేదు" అని ఉన్న ఇళ్లు ముందు వాళ్లకే ఇవ్వండి.