ఎయిర్ రైఫిల్ గ్రూప్ చెదురుతోందా? పెల్లెట్ సైజు మార్చేముందు ఇవి చూడండి

10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో గ్రూప్ (గుళ్లన్నీ ఒకే చోట పడడం) చెడగానే మా విజయనగరం, శ్రీకాకుళం కుర్రాళ్లు కొత్త పెల్లెట్ల (సీసం గుళ్ల) డబ్బా కొనేస్తారు. 4.49 మిల్లీమీటర్ల తల సైజు (గుండు ముందు భాగం వ్యాసం) పోయి 4.50, అదీ కుదరకపోతే 4.51. తర్వాత ఫోను: "డబ్బా మార్చినా అలాగే పోతంది సార్!"

డబ్బా సంగతి తర్వాత. ముందు టార్గెట్ కార్డు చూడండి.

చిల్లులు అన్ని వైపులా చెదిరితే స్టాక్ స్క్రూలు, సైట్ స్క్రూలు బిగించండి. ఎన్నిసార్లు చెప్పినా ఇది చూడరు. అవి గట్టిగా ఉండీ చెదిరితేనే తల సైజు. రైఫిల్‌ని ఇసుక సంచి మీద ఆనించి, ఒక్కో సైజుకీ పదేసి కాల్చి, అన్నిటికన్నా చిన్న రంధ్రం చేసిన సైజు ఉంచుకోండి. డబ్బా మీది లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పేది) మారితే మళ్లీ కాల్చి చూడాల్సిందే.

అడ్డంగా చెదిరితే చాలావరకు రైఫిల్ పక్కకి ఒరిగిపోతోందని.

నిలువుగా చెదిరితే మొదట గాలి సిలిండర్ మీది పీడనం మీటరు చూడండి. గాలి తగ్గితే గుండు కిందికి దిగుతుంది. మీటరు బాగానే ఉందా? అయితే చాలావరకు బ్రీచ్ (గుండు పెట్టే చోటు) ఓ-రింగే, అంటే అక్కడ గాలి కారకుండా ఆపే రబ్బరు రింగే. అందరినీ తిప్పలు పెట్టేది ఇదే, ఎందుకంటే కంటికి బాగానే కనిపిస్తుంది. రబ్బరు గట్టిపడినా, సీసం పొట్టో సన్న ఇసుకో చేరినా గాలి గుండు వెనక నుంచే కారిపోతుంది. దాన్ని ఏ తల సైజూ ఆపలేదు. వేగం సెకనుకి 170 మీటర్ల నుంచి 165కి తగ్గితే గుండు సుమారు ఒక మిల్లీమీటరు కిందపడుతుంది. పది రింగు వ్యాసమే అర మిల్లీమీటరు! దశాంశ స్కోరులో అది 0.4 పాయింటు.

పరీక్ష సులువు. టిష్యూ కాగితం ఒక్క పొర విడదీసి, సన్న ముక్క చింపి, బ్రీచ్ అతుకు మీద పెట్టండి. రైఫిల్‌ని టార్గెట్ వైపే ఉంచి కాల్చండి. ముక్క ఎగిరితే గాలి కారుతోంది. కొన్నిసార్లు ఒక గుండుకి కారి మరో గుండుకి కారదు, ఒక్క వైపే కారుతుంది కూడా. అందుకే ముక్కని అతుకు చుట్టూ జరుపుతూ చాలాసార్లు కాల్చాలి.

ఎగిరితే గాలి పూర్తిగా దించి, రింగుని చెక్క పుల్లతో తీయండి. సూది వాడితే గాడి గీసుకుపోతుంది. గాడి తుడిచి, కంపెనీ చెప్పిన కొలత రింగే వేయండి. సిలికాన్ గ్రీజు వేలికొసకి అంటినంత చాలు. మామూలు ఆయిల్ వద్దే వద్దు, ఎక్కువ పీడనంలో అంటుకునే ప్రమాదం ఉంది.

బారెల్ వంగడం, రెగ్యులేటర్ (గాలి పీడనాన్ని ఒకేలా ఉంచే భాగం) చెడడం అరుదు. రెగ్యులేటర్ ఇంట్లో విప్పొద్దు, మెకానిక్‌కి ఇవ్వండి.

రింగు మార్చాక గుళ్లు కాస్త పైకి పడతాయి. సైట్ సరిచేసుకుని, పక్కన పడేసిన పాత డబ్బాలన్నీ మళ్లీ కాల్చి చూడండి.