వీఎఫ్‌డీతో కరెంటు ఆదా: వేగం తగ్గాలి, వాల్వు తెరవాలి

పంపు పూర్తి వేగంతో తిరుగుతుంటుంది, డెలివరీ వాల్వు మాత్రం సగం మూసి ఉంటుంది. బ్లోవరు హోరుమంటుంటుంది, డ్యాంపరు (గాలిని అడ్డే పలక) సగం దించి ఉంటుంది. ఇలాంటి చోటే వీఎఫ్‌డీకి, అంటే మోటారుకు అందే ఫ్రీక్వెన్సీని మార్చి వేగాన్ని సర్దే వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవుకు, అసలు పని. కరెంటు ఖర్చుపెట్టి పుట్టించిన ఒత్తిడిని వాల్వు దగ్గర చంపేసే బదులు, ఆ ఒత్తిడి పుట్టకుండానే మోటారును నెమ్మదిగా తిప్పుతుంది. ఫ్రీక్వెన్సీతో పాటు వోల్టేజీని కూడా అదే నిష్పత్తిలో తగ్గించడం వల్ల ఇది సాధ్యమవుతుంది.

వేగం తగ్గని చోట ఆదా లేదు. డ్రైవు తనవంతుగా 2 నుంచి 4 శాతం పవరును వేడిగా పోగొడుతుంది. రోజంతా 50 హెర్ట్జ్ దగ్గర నిండు లోడుతో నడిచే మోటారుకు దీన్ని తగిలిస్తే బిల్లు పెరుగుతుందే తప్ప తగ్గదు.

ముందు లోడు సంగతి తేల్చుకోండి

సెంట్రిఫ్యూగల్ పంపులు, ఫ్యాన్లలో వేగాన్ని బట్టి ప్రవాహం, వేగం వర్గాన్ని బట్టి ఒత్తిడి, వేగం ఘనాన్ని బట్టి పవరు మారతాయి. 50 నుంచి 40 హెర్ట్జ్‌కు దిగితే ప్రవాహం 80 శాతం ఉంటుంది, పవరు 51 శాతానికి పడిపోతుంది. 30 హెర్ట్జ్ దగ్గర 22 శాతం చాలు. కన్వేయర్లు, పిస్టన్ పంపుల వంటి వాటిలో టార్కు మారదు కాబట్టి, వేగం 20 శాతం తగ్గితే పవరు కూడా సుమారు 20 శాతమే తగ్గుతుంది.

ఘనం లెక్క అన్ని పంపులకూ అతకదు. నీటిని ఎత్తుకు తోడే పంపు విషయంలో చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. వాల్వు పూర్తిగా మూసినప్పుడు 50 మీటర్ల హెడ్డు (నీటిని ఎత్తగల ఎత్తు) ఇచ్చే పంపు, నీటిని 40 మీటర్ల ఎత్తున్న ట్యాంకుకు పంపాలనుకుందాం. 40 హెర్ట్జ్ దగ్గర దాని హెడ్డు 32 మీటర్లే, అంటే చుక్క నీరు కూడా పైకి చేరదు. మోటారు తిరుగుతుంది, పంపులోని నీరు వేడెక్కుతుంది, అంతే. ఈ పంపు నీటిని ఎత్తడం మొదలుపెట్టేదే 45 హెర్ట్జ్ దగ్గర. ఇలాంటి చోట సరైన సైజు ఇంపెల్లరు (పంపులో తిరిగే చక్రం) వేయించడమే మేలైన మందు. పొడవాటి పైపుల్లో రాపిడిని దాటడానికే ఒత్తిడంతా పోయే లైన్లు, నీటిని గుండ్రంగా తిప్పే కూలింగ్ సర్క్యూట్లు, గాలి డక్టులు వీఎఫ్‌డీకి బాగా ఒప్పుతాయి.

కొలవకుండా కొనకండి

కనీసం వారం రోజులు, మామూలుగా నడిచే తీరులోనే, కిలోవాట్లు చూపే మీటరుతో రికార్డు చేయండి. యాంపియర్లు చూసి లెక్క కట్టవద్దు. లోడు తగ్గినప్పుడు పవర్ ఫ్యాక్టరు పడిపోతుంది కాబట్టి యాంపియర్లు తగ్గినదానికంటే కిలోవాట్లు ఎక్కువ తగ్గుతాయి.

పోల్చడంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఒక ఫ్యాన్ డ్యాంపరు తెరిచినప్పుడు 11 కిలోవాట్లు, డ్యాంపరు దించి 80 శాతం గాలికి తెచ్చినప్పుడు 10 కిలోవాట్లు తీసుకుంటోందనుకోండి. 40 హెర్ట్జ్ దగ్గర దానికి 5.6 కిలోవాట్లు కావాలి, డ్రైవు నష్టాలు కలిపితే సుమారు 6. ఆదాను 10 నుంచి లెక్కించాలి, 11 నుంచి కాదు. అంటే 4 కిలోవాట్లు. ఏడాదికి 4000 గంటలు ఆ స్థితిలో నడిస్తే 16,000 యూనిట్లు. నిండు లోడుతో పోల్చి చూపే ఆదా అంకెలను నమ్మవద్దు.

డ్రైవు, కేబులు

డ్రైవును హార్స్‌పవరు చూసి కాక, మోటారు నేమ్‌ప్లేటు మీదున్న ఫుల్ లోడ్ యాంపియర్లను బట్టి ఎంచుకోండి. ఒకే పవరున్నా 4 పోల్ మోటారు కంటే 8 పోల్ మోటారు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. ప్యానెల్ లోపలి వేడి 40 డిగ్రీలు దాటేలా ఉంటే పైసైజు తీసుకోండి.

ఇన్‌పుట్ వైపు 3 నుంచి 5 శాతం లైన్ చోక్ (కాయిల్) పెట్టండి. హార్మోనిక్స్ (కరెంటు తరంగంలో వచ్చే వంకరలు) బాగా తగ్గుతాయి, సరఫరాలో వచ్చే ఉలుకుల నుంచి డ్రైవుకు రక్షణ కూడా. డ్రైవుకూ మోటారుకూ మధ్య కేబులు 50 మీటర్లు దాటితే అవుట్‌పుట్ చోక్ గానీ, వోల్టేజీ ఎగబాకే వేగాన్ని తగ్గించే డీవీడీటీ ఫిల్టరు గానీ తప్పనిసరి అనుకోండి. డ్రైవు పంపే పల్సులు పొడవాటి కేబులు చివర ప్రతిఫలించి, మోటారు టెర్మినళ్ల దగ్గర డీసీ బస్ (డ్రైవు లోపల ఏసీని డీసీగా మార్చి నిలిపే భాగం) వోల్టేజీకి దాదాపు రెట్టింపు అవుతాయి. 415 వోల్టుల సరఫరాలో డీసీ బస్ 560 నుంచి 590 వోల్టుల దాకా ఉంటుంది, అంటే వైండింగు మీద 1100 వోల్టులకు పైగా దెబ్బ పడుతుంది. పాత మోటార్ల ఇన్సులేషన్ దీనికి తట్టుకోలేక కొన్ని నెలల్లోనే షార్టవుతుంది.

మోటారు కేబులు షీల్డు ఉన్నదే వాడి, షీల్డును రెండు చివరలా ఎర్త్ చేయండి. సిగ్నల్ వైర్లను దానికి కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో లాగండి. పెద్ద మోటార్లలో షాఫ్టు గుండా పారే కరెంటు బేరింగు ట్రాకు మీద గీతలు గీసి గరగరమనే శబ్దం తెస్తుంది. మోటారుకు లోడు తగిలించిన వైపు కాక అవతలి చివర ఇన్సులేటెడ్ బేరింగు, షాఫ్టుకు ఎర్తింగ్ రింగు దీనికి విరుగుడు.

పాత స్టార్టరు తీసేయండి

స్టార్-డెల్టా స్టార్టరును డ్రైవు తర్వాత అలాగే ఉంచేస్తే ప్రమాదం. నడుస్తుండగా అవుట్‌పుట్‌లో కాంటాక్టరు తెరుచుకుంటే డ్రైవు ట్రిప్పవుతుంది, ఐజీబీటీలు (డ్రైవులోని పవర్ స్విచ్‌లు) కాలిపోవచ్చు కూడా. స్టార్టరు తీసేసి, టెర్మినల్ బాక్సులో యూ1-డబ్ల్యూ2, వీ1-యూ2, డబ్ల్యూ1-వీ2 పట్టీలు వేసి మోటారును డెల్టాలో కలపండి. మోటారుకున్న కెపాసిటరును కూడా తీసేయాలి. డ్రైవు అవుట్‌పుట్‌కు కెపాసిటరు తగలకూడదు. మెగ్గర్ (ఇన్సులేషన్) పరీక్ష చేసేముందు డ్రైవు నుంచి మోటారు వైర్లు విప్పండి. సరఫరా ఆపిన వెంటనే మూత తీయవద్దు. డ్రైవు మీద రాసినంత సేపు ఆగి, డీసీ బస్ టెర్మినళ్ల మధ్య వోల్టేజీ లేదని మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

సెట్టింగులు

నేమ్‌ప్లేటు వోల్టేజీ, యాంపియర్లు, ఫ్రీక్వెన్సీ, ఆర్‌పీఎం అక్షరాలా ఎక్కించండి. పంపులు, ఫ్యాన్లకు వేరియబుల్ టార్క్ పద్ధతి ఎంచుకోండి. యాక్సిలరేషన్ పంపుకు 10 నుంచి 20 సెకన్లు, బరువైన ఫ్యానుకు 30 నుంచి 60 సెకన్లు. డిసిలరేషన్ మరీ తక్కువ పెడితే తిరుగుతున్న ఫ్యాను జనరేటరై డీసీ బస్‌ను పైకి నెడుతుంది, ఓవర్‌వోల్టేజ్ ట్రిప్ వస్తుంది. ఆపే తొందర లేకపోతే ఫ్రీగా ఆగనివ్వడమే మంచిది. గాలికి తనంతట తాను తిరిగే ఫ్యానుకు ఫ్లయింగ్ స్టార్ట్ (తిరుగుతున్న వేగాన్నే పట్టుకుని మొదలుపెట్టే సెట్టింగు) ఆన్ చేయండి.

తిరిగే దిశ చూడండి. ఇన్‌పుట్ ఫేజులు మారిస్తే దిశ మారదు, అవుట్‌పుట్‌లో రెండు వైర్లు తారుమారు చేయాలి. సెంట్రిఫ్యూగల్ పంపు వెనక్కి తిరిగినా కొంత నీరు పోస్తుంది, అందుకే ఈ తప్పు నెలల తరబడి బయటపడకుండా ఉంటుంది.

కనీస ఫ్రీక్వెన్సీ పైన చెప్పిన హెడ్డు లెక్క బట్టి పెట్టండి. కన్వేయరు లాంటి స్థిర టార్కు లోడును 25 హెర్ట్జ్ కంటే కిందికి ఎక్కువసేపు నడపాలంటే మోటారుకు విడిగా కూలింగ్ ఫ్యాను కావాలి, ఎందుకంటే షాఫ్టు మీదున్న ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది. సబ్‌మెర్సిబుల్ మోటారులో థ్రస్ట్ బేరింగు నీటి పొర మీద తేలుతుంది, కాబట్టి దాన్ని 30 హెర్ట్జ్‌కు కింద నడపవద్దు, కొద్ది సెకన్లలోనే ఆ వేగం దాటించండి.

వాల్వు తెరవడం

అన్నీ బిగించి, వాల్వును మాత్రం పాత స్థానంలోనే వదిలేసిన ఇన్‌స్టలేషన్లు ఎన్నో. అలా వదిలితే ఒత్తిడి అక్కడే చస్తూ ఉంటుంది. అయితే 50 హెర్ట్జ్ దగ్గర నడుస్తుండగా ఒక్కసారిగా తెరవకండి. ప్రవాహం పెరిగి మోటారు ఓవర్‌లోడవుతుంది, పంపులో కావిటేషన్ (నీటిలో ఆవిరి బుడగలు పుట్టి పగలడం) వస్తుంది. ముందు గరిష్ఠ ఫ్రీక్వెన్సీని 40కి కట్టేయండి, వాల్వు పూర్తిగా తెరవండి, కావలసిన ప్రవాహం వచ్చేదాకా 1 హెర్ట్జ్ చొప్పున పెంచండి. ఆ అంకెకు కాస్త పైన గరిష్ఠాన్ని స్థిరపరచండి.

ఆటోమేటిక్‌గా నడపాలంటే 4-20 మిల్లీయాంపియర్ల ప్రెషర్ ట్రాన్స్‌మిటరు కలిపి పీఐడీ (పెట్టిన ఒత్తిడి నిలిచేలా వేగాన్ని తనంతట తానే సర్దే పద్ధతి) వాడండి. ట్రాన్స్‌మిటరును పంపు పక్కన కాకుండా లైను చివరి భాగంలో పెడితే ఆదా పెరుగుతుంది. వాడకం తగ్గినప్పుడు పైపు రాపిడి కూడా తగ్గుతుంది, ఆ తేడా పంపు పక్కనున్న ట్రాన్స్‌మిటరుకు తెలియదు. సెట్‌పాయింటు 6 బార్ పెట్టిన చోట 5 బార్ సరిపోతుందేమో, చివరి కుళాయి దగ్గర చూస్తూ 0.2 బార్ చొప్పున దించండి. వేగం ఊగిసలాడుతుంటే పీఐడీ సెట్టింగుల్లో గెయిన్ తగ్గించి, ఇంటెగ్రల్ టైము పెంచండి. వాడకం లేనప్పుడు కనీస వేగంతో ఊరికే తిరగకుండా స్లీప్ ఫంక్షన్ ఆన్ చేయండి.

నెల తర్వాత మళ్లీ అదే మీటరు, అదే చోట, డ్రైవుకు ఇన్‌పుట్ వైపు పెట్టండి. డ్రైవు అవుట్‌పుట్ పల్సులను మామూలు క్లాంప్ మీటరు సరిగా చదవలేదు. ఫ్రీక్వెన్సీ రోజంతా 48, 49 దగ్గరే నిలుస్తుంటే సెట్‌పాయింటు ఇంకా ఎక్కువుందేమో, ఎక్కడైనా వాల్వు మూసుకుందేమో, స్ట్రెయినరు పూడిందేమో వెతకండి.